ఆలిస్ గీసిన గీతలు

కిందటి వేసవిలో మా అక్క కూతురు అమెరికాలో పట్టా పుచ్చుకుంది. ఆ ముచ్చట చూడడానికి అక్కా బావగారూ వెళ్లారు గాని నాకు వీలు పడలేదు. ఫోనులో పంపిన వీడియో చూసి సంతోషించాను. నల్ల గౌన్లు తొడుక్కుని, నెత్తిన పలకల్లాంటి టోపీలు పెట్టుకుని పిల్లలు వరసగా నడిచి వస్తున్నారు. వెనకాల బ్యాండు మోగుతోంది. తొందరా తొట్రుపాటూ లేకుండా, ఏ మహారాజో ఏనుగెక్కి ఊరేగుతున్నంత దర్జాగా ఉందా బాణీ. మీ ఇళ్లలో అమెరికాలో చదివిన పిల్లలుంటే ఈపాటికి మీరూ వినే ఉంటారు. "ఆ పాట వింటుంటే కళ్లనీళ్లు ఆగలేదే" అంది అక్క. "అది అమెరికా వాళ్లది కాదు, ఓ ఇంగ్లీషువాడిది" అన్నారు బావగారు. ఎవరా ఇంగ్లీషువాడంటే మాత్రం ఆయనకీ తెలీదు.

నాకో దురలవాటుంది. సగం తెలిసిన సంగతి ఏదైనా సరే, మిగతా సగం తెలిసేదాకా నిద్ర పట్టదు. ఆ ఇంగ్లీషువాణ్ణి వెదుక్కుంటూ పోయాను. ఆయన దొరికాడు. ఆయన వెనకాలే నాలుగడుగుల దూరంలో ఆయన భార్యా దొరికింది. నిజం చెప్పొద్దూ, అక్కణ్ణించి ఆయన్ని వదిలేసి ఆవిడ దగ్గరే ఆగిపోయాను. కారణం చిన్నదే. ఆవిడా నాలాగే నవలలు రాసుకునే మనిషి.

ముందు ఆయన సంగతి చెప్పేస్తాను. పేరు ఎడ్వర్డ్ ఎల్గార్. మనం విన్న బాణీ 'పాంప్ అండ్ సర్కమ్‌స్టాన్స్' అని ఆయన 1901లో రాసిన కవాతు సంగీతంలోది. 1905లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం వారు ఆయనకు గౌరవ డాక్టరేటిచ్చి, ఆ సభలో దీన్నే వాయించారు. దాన్ని చూసి మిగతావాళ్లూ మొదలుపెట్టారు. పెళ్లికి సన్నాయి ఎలాగో పట్టాల పండక్కి అక్కడ ఇది అలాగన్నమాట.

ఎల్గార్ 1857 జూన్ 2న వూస్టర్ ఊరికి దగ్గర్లోని బ్రాడ్‌హీత్ అనే పల్లెలో పుట్టాడు. ఏడుగురు పిల్లల్లో నాలుగోవాడు. తండ్రి పియానోలకు శ్రుతి సరిచేసేవాడు. వూస్టర్ బజారులో వాద్యాలూ, అచ్చేసిన సంగీతం కాగితాలూ అమ్మే కొట్టుండేది. ఆ కొట్లో కూచుని, అమ్మకానికి పెట్టిన పుస్తకాలు తిరగేస్తూ కుర్రాడు సంగీతం తనంత తానే నేర్చుకున్నాడు. జర్మనీ వెళ్లి లైప్‌జిగ్‌లో చదవాలని ఉండేది, డబ్బేదీ? పదిహేనో ఏట బడి మానేసి ఓ వకీలు దగ్గర గుమాస్తాగా చేరాడు. ఏడాదన్నా చేశాడో లేదో, అదీ మానేసి ఫిడేలు పాఠాలు చెప్పుకుని బతకడం మొదలుపెట్టాడు. 1879 నుంచి అయిదేళ్లపాటు పోవిక్ అనే చోట పిచ్చాసుపత్రిలో బ్యాండు మాస్టరు. అక్కడి ఉద్యోగులే వాద్యాలు వాయించేవారు, రోగులు నాట్యం చేసేవారు. వాళ్లకోసం ఈయన పోల్కాలు రాసిచ్చేవాడు. ఆ కాలంలోనే పిచ్చాసుపత్రిలో సంగీతం పెట్టించిన ఆ పెద్దమనుషుల్ని మెచ్చుకోకుండా ఉండలేను.

ఇలా ఇల్లిల్లూ తిరిగి పాఠాలు చెప్పుకునే ఫిడేలు మాస్టరు దగ్గరికి 1886 అక్టోబరులో ఒక కొత్త శిష్యురాలొచ్చింది. ఆయనకు ఇరవైతొమ్మిది. ఆవిడకి ముప్ఫయ్యెనిమిది.

ఆవిడ పేరు కారొలిన్ ఆలిస్ రాబర్ట్స్. ఎక్కడ పుట్టిందనుకున్నారు? మన గుజరాత్‌లో, భుజ్ పట్నంలో! 2001లో భూకంపం వచ్చి నేలమట్టమైన ఆ భుజ్‌లోనే, 1848 అక్టోబరు 9న. తండ్రి హెన్రీ రాబర్ట్స్ కంపెనీ సైన్యంలో అధికారి. సిపాయిల తిరుగుబాటప్పుడు రాజపుటానాలో సేన నడిపి, 1858 మార్చిలో కోటా పట్నాన్ని పట్టుకున్నది ఆయనే. మేజర్ జనరల్ అయ్యాడు, సర్ బిరుదూ వచ్చింది. 1860లో పోయాడు. ఆ తర్వాత ఆలిస్ తల్లితో కలిసి ఇంగ్లండులో రెడ్‌మార్లీ అనే పల్లెలో పెద్ద ఇంట్లో ఉండేది. జర్మనూ ఫ్రెంచీ వచ్చు. బ్రస్సెల్స్‌లో పియానో నేర్చుకుంది. ఓ భూగర్భశాస్త్రం ఫాదరీ గారి వెంట తిరిగి రాళ్లలో శిలాజాలు ఏరింది. 1879లో ఒక దీర్ఘకావ్యం అచ్చు వేయించింది. 1882లో 'మార్చ్‌క్రాఫ్ట్ మేనర్' అని రెండు సంపుటాల నవల తెచ్చింది. రెండు సంపుటాలు! పత్రికలో పాతిక వారాల సీరియల్ రాయడానికే నేను పడ్డ యాతన నాకు తెలుసు. వేళాకోళమా ఆ పని?

చూశారా, ఇంత చదువుకున్న మనిషి, పెద్దింటి బిడ్డ, రచయిత్రి, నలభైకి దగ్గరపడుతోంది, పెళ్లి కాలేదు. పియానో మీద పక్కవాద్యం వాయించడంలో మెళకువలు నేర్చుకుంటానని బండి కట్టించుకుని మాల్వెర్న్ ఊరికి వచ్చేది. కొన్నాళ్లకి ఆ బండి తోలేవాడే అన్నాడట, ఇది పాఠాల కోసం వెళ్లే వరస కాదని. ఇంట్లో పెద్దవాళ్లకంటే ముందు బండివాళ్లకే తెలుస్తాయి ఇలాంటివి.

1887లో తల్లి పోయింది. 1888లో ఆలిస్ తాను రాసిన ఒక కవిత ఆయనకిచ్చింది. ఆయన దానికి స్వరం కట్టాడు. పెళ్లి నిశ్చయమైనప్పుడు ఆయన ఆవిడకో చిన్న స్వరరచన కానుకిచ్చాడు. 'సాల్యూ దామూర్' అని, మెత్తగా ఊయల ఊపినట్టుండే పాట. ఫిడేలు నేర్చుకునే పిల్లలు ఈనాటికీ వాయిస్తారు. పబ్లిషరు దాన్ని కొద్ది సొమ్మిచ్చి పూర్తిగా కొనేసుకున్నాడు. ఊరూరా అమ్ముడుపోయింది గాని ఎల్గార్‌కి దానిమీద మళ్లీ పైసా రాలేదు. ఈ కష్టం కూడా మా రచయితలకు కొత్తదేం కాదులెండి.

ఆలిస్ వైపు చుట్టాలు మండిపడ్డారు. కొట్టువాడి కొడుకు. కాథలిక్కు. డబ్బు లేదు. పైగా పెళ్లికూతురి కంటే ఎనిమిదేళ్లకు పైగా చిన్నవాడు. వీటిలో ఏ ఒక్కటైనా చాలు ఆ రోజుల్లో కొంప ముంచడానికి, అన్నీ కలిసొచ్చాయి. రావలసిన ఆస్తిలో వాటా లేకుండా చేశారు. 1889 మే 8న లండనులో బ్రాంప్టన్ ఆరేటరీ అనే కాథలిక్కు గుడిలో పెళ్లయింది. అప్పటికి ఆవిడకి నలభై నిండి ఆరు నెలలు దాటాయి. మరుసటి ఏడు ఆగస్టులో కూతురు పుట్టింది. తల్లి పేరులో ముందుముక్కా వెనకముక్కా అతికించి కారిస్ అని పేరు పెట్టారు.

లండనులో కాపురం పెట్టి అదృష్టం పరీక్షించుకుందామనుకున్నారు. ఎవరూ పలకరించలేదు. 1891లో మూటాముల్లే కట్టుకుని మాల్వెర్న్‌కు తిరిగొచ్చేశారు. మళ్లీ ఆయన ఫిడేలు పాఠాలు, మళ్లీ ఆయన విసుగు. ఇక్కడే మొదలవుతుంది ఆలిస్ అసలు కథ.

పాశ్చాత్య సంగీతంలో పెద్ద వాద్యబృందానికి రాసే ప్రతిని మీరెప్పుడైనా చూశారా? ఒక్కో పేజీలో ఇరవై వరసలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కూడా ఉంటాయి. పిల్లనగ్రోవికొకటి, బాకాకొకటి, డప్పులకొకటి, ఫిడేళ్లకు విడివిడిగా కొన్ని. అన్నీ ఒకే క్షణంలో మోగాలి కనక తాళం లెక్క చూసుకుని పైనుంచి కిందకి నిలువు గీతలు గీయాలి. మన స్వరాల పుస్తకాల్లో ఆవర్తనానికి గీత పెడతామే, అలాంటిదే. పాట ఉంటే ప్రతి గొంతు కిందా మాటలు అక్షరం అక్షరం విడగొట్టి రాయాలి. గంటకి పైగా నడిచే సంగీతమంటే ఇలాంటి పేజీలు వందలకొద్దీ. ఈ చాకిరీ అంతా ఆలిస్ చేసేది. రూళ్లకర్ర పెట్టి గీతలు గీసేది, ఎడమపక్కన వాద్యాల పేర్లు రాసేది, మాటలు పేర్చేది. ఆయన వచ్చి కూచునేసరికి కాగితం సిద్ధంగా ఉండేది. ఊహలో ఉన్న స్వరం దింపుకోవడమే ఆయన పని. రాసినవి కట్టకట్టి, వానలోనైనా సరే, తపాలాఫీసుకు నడిచివెళ్లి పంపేది కూడా ఆవిడే.

మొదటిసారి ఇది చదివినప్పుడు నాకు ఒళ్లు మండింది. రెండు సంపుటాల నవల రాసిన చేయి రూళ్లకర్ర పట్టుకుని గీతలు గీయడమా! మా అమ్మ గుర్తొచ్చింది. మా నాన్నగారు పద్యనాటకాలు రాసేవారు. గొలుసుకట్టు రాత, ఆయనదే ఆయన చదువుకోలేరు. రాత్రి వంటిల్లు సర్దుకున్నాక అమ్మ లాంతరు ముందు కూచుని శుద్ధప్రతి రాసేది. ఆ పుస్తకాలు ఇప్పటికీ మా ఇంట్లో పెట్టెలో ఉన్నాయి. నాటకం నాన్నది, అక్షరం అమ్మది. అట్టమీద ఒక్క పేరే ఉంది.

అయితే ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఆలిస్ ఒట్టి శుద్ధప్రతి మనిషి కాదు. ఎల్గార్ స్నేహితుడు రీడ్ అని ఒక ఫిడేలు విద్వాంసుడు ఒక ముచ్చట చెప్పాడు. ఓ రాత్రి ఎల్గార్ ఆరోజు రాసినదంతా భార్యకి వాయించి వినిపించాడట. ఆవిడ తలాడిస్తూ విన్నది. ఒక్కచోట మాత్రం తలాడించడం మానేసి నిటారుగా కూచుంది. ఆయన చూశాడు గాని చూడనట్టు ఊరుకుని వెళ్లి పడుకున్నాడు. తెల్లారి లేచి చూస్తే ఆ చోటున ఒక చిన్న కాగితం గుండుసూదితో గుచ్చి ఉంది. అంతా బాగుంది గాని, ఈ ముగింపు ఒక్కటే కాస్త... అని సగంలో ఆపేసి ఉంది. ఆయన కిక్కురుమనకుండా ఆ ముగింపు చెరిపి మళ్లీ రాశాడు. ఆవిడ మళ్లీ ఏమీ అనలేదు కనక, నచ్చిందన్నమాటే అనుకున్నాడు. ఆ సగంలో ఆపిన వాక్యం ఉంది చూశారూ, దాంట్లో కనిపించింది నాకు నవలా రచయిత్రి. ఎక్కడ ఆపాలో తెలిసిన మనిషి.

1898 అక్టోబరు 21 సాయంత్రం. రోజల్లా ఫిడేలు పాఠాలు చెప్పి చెప్పి విసిగిపోయి ఇంటికొచ్చాడు. పొగ తాగుతూ పియానో ముందు కూచుని ఏదో తోచినట్టు వేళ్లు ఆడిస్తున్నాడు. లోపలినుంచి ఆలిస్ అడిగింది, ఏమిటది అని. ఏమీ లేదు, దాన్నుంచి ఏమన్నా రావచ్చేమో అన్నాడు. ఆ ఒక్క ప్రశ్న అడగకపోతే ఆ బాణీ ఆ సాయంత్రమే గాలిలో కలిసిపోయేది. అదే బాణీని, ఫలానా స్నేహితుడు రాస్తే ఎలా రాస్తాడు అనుకుంటూ ఒక్కొక్కరి పోలికతో మార్చి వాయించాడు. అలా పుట్టిందే 'ఎనిగ్మా వేరియేషన్స్'. పద్నాలుగు భాగాలు. దాంట్లో నత్తిగా మాట్లాడే అమ్మాయి ఉంది, నదిలో పడిన బుల్‌డాగూ ఉంది, తనకి ధైర్యం చెప్పిన స్నేహితుడు యేగర్ ఉన్నాడు. మొదటి భాగం మాత్రం ఆలిస్‌ది. ఇంటికి వస్తున్నప్పుడు భార్యకి తెలిసేటట్టు ఆయనొక ఈల వేసేవాడట, నాలుగే స్వరాలు. ఆ ఈలే ఆ భాగంలో వినిపిస్తుంది. చివరి భాగం ఆయన సొంత బొమ్మ. దాని శీర్షిక ఆలిస్ ఆయన్ని పిలుచుకునే ముద్దుపేరు. తన బొమ్మ గీసుకుంటూ కూడా మధ్యలో ఆవిడ స్వరాన్ని తెచ్చిపెట్టుకున్నాడు.

1899 జూన్ 19న లండనులో హాన్స్ రిక్టర్ అనే గొప్ప నిర్వాహకుడు దీన్ని వాయించాడు. అంతటితో దశ తిరిగింది. ఎల్గార్‌కి అప్పటికి నలభైరెండు, ఆలిస్‌కి యాభై. పదేళ్లుగా చుట్టాలకి ఆవిడ చెప్పుకోలేకపోయిన మాట ఆ రాత్రి సభ చప్పట్లలో చెప్పింది.

తర్వాతివి చకచకా చెప్పేస్తాను. 1900లో 'డ్రీమ్ ఆఫ్ జెరోన్షియస్' బర్మింగ్‌హామ్‌లో మొదటిసారి పాడినప్పుడు సాధన చాలక అభాసుపాలైంది, జర్మనీలో నిలబడింది. 1904లో రాజుగారు సర్ బిరుదిచ్చారు. 1908లో మొదటి సింఫనీ వస్తే ఏడాది పైచిలుకు కాలంలో వందసార్ల దాకా వాయించారు. ఈ మధ్యలో ఆయనకి సైకిలు పిచ్చి, రసాయనాల పిచ్చి కూడా పట్టాయి. పెరట్లో కొట్టంలో ఏవో కలిపి, భయమేసి నీళ్ల తొట్టిలో పడేస్తే అది కాస్తా ఢామ్మని పేలిందట. పక్కింటాయన పరిగెత్తుకొచ్చి ఆ చప్పుడేమిటి అనడిగితే, అవును నేనూ విన్నాను, ఎక్కడదీ అన్నాడట ఈ పెద్దమనిషి!

సర్ బిరుదు వచ్చినప్పటి మాట ఒకటుంది. కూతురు కారిస్‌కి అప్పుడు పదమూడేళ్లు. ఇల్లు దగ్గర్లోనే ఉన్నా, నాన్న రాసుకునేటప్పుడు అల్లరి కాకూడదని ఆ పిల్లని బడిలోనే ఉంచేవారు. ఆ పిల్ల తన హెడ్‌మిస్ట్రెస్‌తో అన్నదట, నాన్నకి బిరుదొచ్చినందుకు అమ్మకోసం సంతోషంగా ఉంది, అమ్మ మళ్లీ తన పాత చోటికి వచ్చింది అని. పదమూడేళ్ల పిల్లకి తెలుసు, అమ్మ ఎక్కణ్ణించి దిగివచ్చి ఈ ఇంట్లో అడుగుపెట్టిందో. బయటికి ఎవరూ అనుకోని మాటే పిల్లల చెవిన ముందు పడుతుంది. ఆ మాట చదివి నేను చాలాసేపు పుస్తకం మూసేశాను. తల్లికోసం అంత ఆలోచించిన పిల్ల ఇంటికి దగ్గర్లో ఉండీ ఇంట్లో లేదు. ఆలిస్ చేసినవాటిలో నేను ఒప్పుకోలేనిది ఏదన్నా ఉంటే అదొక్కటే.

ఇంకోటి కూడా గొంతు దిగదు. 1912లో లండనులో హాంప్‌స్టెడ్‌లో సెవర్న్ హౌస్ అనే పెద్ద భవనం తీసుకున్నారు. ఖర్చులు పెరిగాయి. అప్పుడే కొలీసియం అనే నాటకశాలవారు 'క్రౌన్ ఆఫ్ ఇండియా' అనే ఆటకి సంగీతం రాయమన్నారు. 1911 డిసెంబరులో ఢిల్లీ దర్బారు జరిగి, రాజధానిని కలకత్తానుంచి మార్చారు కదా, ఆ సంబరం. భారతదేశంలోని పట్నాలన్నీ ఆడవేషాలు కట్టుకుని రంగం మీదికొచ్చి, ఢిల్లీ కలకత్తా రెండూ నేనంటే నేనని కొట్లాడుకుని, చివరికి చక్రవర్తికి దండం పెడతాయి. రెండు వారాలపాటు రోజుకి రెండు ఆటలు, ఎల్గారే నిలబడి నడిపించాడు. జెరోన్షియస్ లాంటిది రాస్తే ఏడాది పస్తులుండాలి, ఇలాంటిది రాస్తే చేతిలో డబ్బు ఆడుతుంది అని ఆయనే ఒప్పుకున్నాడు. ఆ సభలో కూచున్న భుజ్‌లో పుట్టిన ఆడమనిషి, కోటా పట్టుకున్న జనరల్ కూతురు ఏమనుకుందో నేను ఊహించగలను. గర్వపడే ఉంటుంది. ఆవిడ పెంపకం అలాంటిది. ఆవిడమీద ఎంత ఇష్టమున్నా ఆ చప్పట్లలో నేను చేతులు కలపలేను.

మరో ఆలిస్ కూడా ఉంది, దాచడమెందుకు? ఆలిస్ స్టువర్ట్ వర్ట్‌లీ. మిలే అనే ప్రసిద్ధ చిత్రకారుడి కూతురు, పెళ్లయిన మనిషి, అందగత్తె. ఎల్గార్ ఆవిణ్ణి ఒక అడవిపువ్వు పేరుతో పిలిచేవాడు. 1910లో వచ్చిన ఫిడేలు కంచెర్టోలో కొన్ని స్వరాలకీ ఆ పువ్వు పేరే పెట్టుకున్నాడు. ఉత్తరాలు గుట్టలు గుట్టలున్నాయి. హద్దు దాటిందని చెప్పడానికి ఆధారమేదీ లేదు. మన ఆలిస్‌కి ఇదంతా తెలుసు. తెలిసి ఆవిడతో స్నేహంగానే ఉంది, ఆప్యాయంగా ఉత్తరాలు రాసింది, ఇంటికి పిలిచింది. ఏ పలకరింపు ఆయన చేత రాయిస్తుందో ఆ పలకరింపుకి తలుపు తీసి పెట్టింది. దీన్ని గొప్పతనమంటారా, గుండె రాయి చేసుకోవడమంటారా, మీరే చెప్పండి. నేనైతే అలా ఉండలేను. మా వారు ఈ ముక్క చదివి నవ్వుతున్నారు గాని, నిజంగానే ఉండలేను.

ఆవిడ మనసులో ఏముందో తెలుసుకుందామంటే డైరీలున్నాయి. పెళ్లయిన ఏడు మొదలు పోయేదాకా, ముప్ఫయ్యేళ్లు రాసింది. ఎంతో ఆశగా తెరిస్తే అందులో ఆవిడ లేదు! ఆయనకి జలుబు చేసింది, ఆయన ఇవాళ బాగా రాశాడు, ఎండ కాసింది, ఫలానావారు టీకి వచ్చారు. మధ్యమధ్య పసిపిల్లల ముద్దుపలుకులు. బ్యూటిఫుల్ అనే మాటని బూఫుల్ అని రాసుకుంది. ఒక్కచోట మాత్రం నిలబెట్టేసింది నన్ను. ప్రతిభావంతుణ్ణి కనిపెట్టుకుని ఉండడమే ఏ ఆడదానికైనా జీవితానికి సరిపడా పని అని రాసింది. ఫిర్యాదా, గర్వమా, తనకి తాను చెప్పుకున్న సమాధానమా? ఎన్నిసార్లు చదివినా ఒక్కోసారి ఒక్కోలా వినిపిస్తుంది. సరిపడా పని అన్నమాట మాత్రం నవల మానేసిన మనిషే వాడగలదు. నవల ఎప్పుడూ మానని మనిషికి ఆ లెక్క చూసుకోవలసిన అవసరం రాదు.

మొదటి ప్రపంచయుద్ధం వచ్చాక ఎల్గార్ పాట దేశమంతా మోగింది గాని ఆయన మనసు మూగబోయింది. ఆరోగ్యం చెడింది. 1917లో ససెక్స్ అడవిలో బ్రింక్‌వెల్స్ అనే కుటీరం చూసింది ఆలిస్. దాదాపు డెబ్బయ్యేళ్ల వయసు, సరైన వసతి లేని ఇల్లు. ఆ కుటీరంలో ఆయనకి స్వరం తిరిగొచ్చింది. 1918, 1919లలో వరసగా నాలుగు పెద్ద రచనలు చేశాడు. వాటిలో చివరిది చెల్లో కంచెర్టో. 1919 అక్టోబరు 27న దాన్ని మొదటిసారి వాయించారు. అదే సభలో వేరే సంగీతం నడిపిస్తున్న నిర్వాహకుడు సాధనకున్న సమయమంతా తనే వాడేసుకోవడంతో అది ఘోరంగా విఫలమైంది. ఎప్పుడూ పల్లెత్తు మాట అనని ఆలిస్ ఆయన్ని డైరీలో కడిగి పెట్టింది. (1965లో జాక్లిన్ డు ప్రే అనే ఇరవయ్యేళ్ల అమ్మాయి ఆ కంచెర్టోని రికార్డు చేశాక ప్రపంచమంతా దానికి దాసోహమంది. ఆ సంతోషం ఆలిస్‌కి దక్కలేదు.)

అప్పటికే ఆవిడ చిక్కి సగమైంది. అది ఊపిరితిత్తుల కాన్సరు. 1920 ఏప్రిల్ 7న సెవర్న్ హౌస్‌లో పోయింది. లిటిల్ మాల్వెర్న్ అనే కొండపల్లెలో సమాధి చేశారు. బ్రింక్‌వెల్స్‌లో రాసిన నాలుగు తంత్రుల వాద్యాల రచనలో నెమ్మదిగా సాగే భాగం ఆవిడకి ఇష్టం. ఎండని పట్టి బంధించినట్టుందని మురిసిపోయేది. స్నేహితులు ఆ రోజు దాన్నే వాయించారు.

ఆ తర్వాత ఎల్గార్ దాదాపు పద్నాలుగేళ్లు బతికాడు. తాను చేసినదంతా ఆమె చలవేనని స్నేహితులకి రాశాడు. ఆలిస్‌కి కుక్కలంటే గిట్టేది కాదు, అందుకని ఇన్నేళ్లూ పెంచలేదు. ఇప్పుడు రెండు తెచ్చుకుని భోజనాల బల్ల దగ్గరే కూచోబెట్టుకున్నాడు. గుర్రప్పందేలకి వెళ్లాడు. గ్రామఫోను రికార్డులిచ్చాడు. 1932లో మెన్యూయిన్ అనే పదహారేళ్ల కుర్రాడి చేత ఫిడేలు కంచెర్టో వాయించాడు. చిన్నాచితకా కొన్ని రాశాడు, పాతవి కొన్ని సర్దాడు. అంతకుముందులాంటి పెద్ద రచన మళ్లీ పూర్తి చెయ్యలేదు. బీబీసీ వారు 1932లో మూడో సింఫనీ రాయమంటే నూరు పేజీలకు పైగా ముక్కలు ముక్కలుగా రాసి, 1934 ఫిబ్రవరి 23న కన్నుమూశాడు. ఆ ముక్కల్ని ఆంథొనీ పేన్ అనే ఆయన అతికి పూర్తిచేస్తే 1998లో వాయించారు.

వయసైపోయింది, యుద్ధంతో కాలం మారింది, జనం అభిరుచి మారింది, అందుకే రాయలేదంటారు పండితులు. కాదనను. కాని గీతలు గీసిన కాగితం బల్లమీద సిద్ధంగా లేని ఇంట్లో, సాయంత్రం ఏమిటది అని లోపలినుంచి ఎవరూ అడగని ఇంట్లో, రాయాలనిపిస్తుందా? రాసేదాన్ని కనక అడుగుతున్నాను. నేను రాసుకునేది భోజనాల బల్ల మీద. నాకు గీతలు గీసిపెట్టేవాళ్లు లేరు. కాని రాత్రి పదింటికి, ఇంకా ఎంత మిగిలింది అని ఒక గొంతు అడుగుతుంది. విసుక్కుంటాను. ఆ గొంతు ఊరెళ్లిన రోజున ఒక్క పేజీ కూడా కదలదు.

అన్నట్టు ఒక సంగతి మరిచాను. ఆలిస్ కలం పూర్తిగా ఎండిపోలేదు. 1899లో ఎల్గార్ 'సీ పిక్చర్స్' అని సముద్రం మీద అయిదు పాటలు కట్టాడు. అక్టోబరులో నారిచ్‌లో క్లారా బట్ అనే నిలువెత్తు గాయని, మత్స్యకన్యలాగా మెరిసే గౌను వేసుకుని వాటిని పాడింది. అయిదుగురు కవులు, అందులో ఎలిజబెత్ బారెట్ బ్రౌనింగ్ అంతటి ఆవిడ ఒకరు. రెండో పాట ఆలిస్‌ది. అయిదింటిలోకీ చిన్నది. గొప్ప కవిత్వమని ఎవరూ అనరు, నేనూ అనను. రెండు సంపుటాల నవల ఇవాళ ఎవరి అలమరాలోనూ లేదు గాని, ఈ పాట మాత్రం ఆ నాలుగింటి మధ్య కూచుని నూరేళ్లు దాటినా సభల్లో పాడించుకుంటోంది.

నిన్న సాయంత్రం స్టవ్ మీద పాలు పెట్టి, ఫోనులో ఆ పాట పెట్టుకున్నాను. రెండు నిమిషాలు. పాలు పొంగేలోపలే అయిపోయింది.